ఆత్మతోను, మనస్సుతోను

విశాఖలో గాజువాకలోనో, మద్దిలపాలెంలోనో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిందే. పాట ముగుస్తుంది, స్తుతి మొదలవుతుంది, కాసేపటికి చుట్టూ చాలామంది అన్యభాషల్లో, అంటే తాము నేర్చుకోని, ఆత్మ ఇచ్చాడని నమ్మే భాషల్లో ప్రార్థిస్తుంటారు. వాళ్ల మధ్య ఆ వరం లేని చెల్లి ఒకామె ఉంటుంది. "నాకు అభిషేకం లేదా? దేవుడు నన్ను వదిలేశాడా?" అని ఆమెకు లోపల ఒకటే టెన్షన్. ఆ చెల్లి కోసమే ఈ నాలుగు మాటలు.

"అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని కొరింథు సంఘాన్ని అపొస్తలుడైన పౌలు అడిగాడు (1 కొరింథీ 12:30). లేదనే జవాబు కోసమే ఆ ప్రశ్న. ఎవరికి ఏ వరమో పరిశుద్ధాత్మే తన చిత్తప్రకారం పంచుతాడని అదే అధ్యాయం 11వ వచనంలో ఉంది. ఆత్మ బాప్తిస్మానికి, అంటే పరిశుద్ధాత్మతో నింపబడటానికి, భాషలే మొదటి గుర్తని పెంతెకోస్తు సంఘాల్లో చాలామంది నమ్ముతారు. అపొస్తలుల కార్యములు 2, 10, 19 అధ్యాయాలు చూపిస్తారు. వాళ్ల ఆసక్తి అంటే నాకు గౌరవమే. కానీ ఆ గుర్తు కనపడలేదని సాటి విశ్వాసిని చిన్నచూపు చూడమని ఆ అధ్యాయాల్లో ఎక్కడా లేదు.

అలాగని భాషలను కొట్టిపారేయకూడదు. మీ అందరికంటే నేనే ఎక్కువగా భాషలతో మాట్లాడతానని పౌలు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. భాషతో మాట్లాడేవాడు దేవునితోనే మాట్లాడుతున్నాడన్నాడు. బిడ్డ ఐసీయూలో ఉంటే కేజీహెచ్ వరండాలో కూర్చున్న తల్లికి ఏమని ప్రార్థించాలో తోచదు. అప్పుడు ఆమె నోట భాషలు రావచ్చు, మూలుగే రావచ్చు, కన్నీళ్లే రావచ్చు. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడన్న రోమా 8:26లో, భాషలు వచ్చినవాళ్లకే అన్న షరతు లేదు.

సంఘంలోకి వచ్చేసరికి మాత్రం పౌలు చూసేది పక్కవాడిని. భాషతో పదివేల మాటలకంటే, ఇతరులకు బోధపడేలా ఐదు మాటలు మేలంటాడు. ఈ మాట విశాఖవాళ్లకు ఇంకా దగ్గరగా తగలాలి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఈ ఊరికే వచ్చారు. ఓపిగ్గా తెలుగు నేర్చుకుని సువార్తలను మన భాషలోకి తేవడం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే విశ్వాసి ఆ పనిలో తోడయ్యాడు. మనకు అర్థం కావాలని వాళ్లంత కష్టపడ్డారు.

అందుకే పాస్టరుగార్లకు ఒక మనవి. సంఘంలో భాషతో మాట్లాడితే ఇద్దరు, అవసరమైతే ముగ్గురు, అదీ వంతులవారీగా అన్నాడు పౌలు. అర్థం చెప్పేవాడు లేకపోతే తనతోను దేవునితోను మాట్లాడుకోమన్నాడు. మైకు పట్టుకుని భాషల్లో ప్రార్థించేముందు ఈ రెండు వచనాలు (1 కొరింథీ 14:27, 28) సంఘంతో కలిసి చదవండి. ఆ తర్వాత తెలుగులోనూ ప్రార్థించండి, ఆ రోజే మొదటిసారి వచ్చినవాళ్లు కూడా ఆమేన్ అనగలుగుతారు.