బీట్ ఒకరిది, గొంతులు పదిమందివి: ఇటాలియన్ ప్రొడ్యూసర్ ఆల్బమ్ లోపలి పని

ఇటలీలో ఆల్బమ్ అట్ట మీద ర్యాపర్ పేరుకి బదులు బీట్‌మేకర్ (ర్యాప్ కింద నడిచే సంగీతం, అంటే బీట్, చేసేవాడు) పేరు ఉండటం కొత్తేమీ కాదు. 1999లో ఫ్రిట్జ్ డా క్యాట్ తన ఆల్బమ్‌కి ‘నోవెచింక్వాంతా’ అని పేరు పెట్టాడు. అంటే తొమ్మిది-యాభై, అకాయ్ ఎస్950 శాంప్లర్ (పాత రికార్డుల ముక్కల్ని, అంటే శాంపిల్స్‌ని, పట్టుకుని వాయించే యంత్రం) నంబరు. 2004లో డీజే షొక్కా ‘60 హెర్ట్జ్’, 2019లో ది నైట్ స్కిన్నీ ‘మత్తోని’, 2021లో మేస్ ‘ఓబీఈ’ ఇదే దారిలో వచ్చాయి. పాటపాటకీ గొంతు మారుతుంది, అయినా అంతా ఒకే చేతి పని అనిపించాలి. బీట్లు బాగున్నంత మాత్రాన అది రాదు. గొంతు కోసం బీట్‌లో ఎక్కడ చోటు వదిలారన్నదే అసలు సంగతి.

ముందు భాష గురించి చెప్పాలి, ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి. తెలుగులాగే ఇటాలియన్ కూడా అజంత భాష, మాటల్లో చాలావాటి చివర అచ్చు ఉంటుంది. ఊనిక (ఒత్తి పలకడం) మాత్రం ఎక్కువ మాటల్లో చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది: అ-మో-రె, నొ-త్తె. వీటిని ‘పియానా’ మాటలంటారు. చిత్తా, ఫరో లాంటివాటికి ఊనిక చివరి అక్షరం మీదే పడుతుంది, అవి ‘త్రొంకా’. ఇవి బాగా తక్కువ.

ర్యాపర్ సాధారణంగా లైను చివరి ప్రాసని బార్‌లో (నాలుగు దెబ్బల ఆవర్తంలో) నాలుగో దెబ్బ మీద, స్నేర్ డ్రమ్ చప్పుడుతో కలిపి కొడతాడు. ‘మో’ స్నేర్ మీద పడితే ‘రె’ దాని వెనక తోకలా మిగులుతుంది. 90 బీపీఎంలో (నిమిషానికి 90 దెబ్బల వేగంలో) దెబ్బకీ దెబ్బకీ మధ్య 667 మిల్లీసెకన్లు. తోక పడేది దాదాపుగా స్నేర్ తర్వాత 167 లేదా 333 మిల్లీసెకన్ల దగ్గర. సరిగ్గా అక్కడే ఓపెన్ హ్యాటో (డ్రమ్ సెట్‌లో మోగుతూ సాగే తాళం చప్పుడు), కత్తిరించిన శాంపిల్ మొదలో పెడితే ప్రాస సగం మునిగిపోతుంది. గొంతు వాల్యూమ్ పెంచితే స్నేర్ చిన్నదైపోతుంది, తోక మాత్రం బయటికి రాదు. మందు ఒక్కటే: నాలుగో దెబ్బ తర్వాత సగం దెబ్బ ఖాళీగా వదలడం. త్రొంకా ప్రాసలతో రాసే అతిథి ర్యాపర్‌కైతే ఆ ఖాళీ బోసిగా వినిపిస్తుంది. అందుకే చరణం చేతికొచ్చాక బీట్‌ని మళ్లీ కత్తిరించాలి. మొదట పంపిన బీటే చివరిదాకా ఉంచేస్తే అది ప్రొడ్యూసర్ ఆల్బమ్ అవదు, బీట్లకి గొంతులు అతికించిన సంచి అవుతుంది.

ద్విత్వాక్షరాల సంగతి కూడా ఉంది. పాలా అంటే పార, పల్లా అంటే బంతి. హల్లు దగ్గర నాలుక ఆగే సమయమే అర్థాన్ని మారుస్తుంది. ప్రాస మాటల్ని బలంగా వినిపించడానికి రెండోసారి పాడించి మీద పరుస్తారు కదా, అప్పుడు ‘నొత్తె’లోని ‘త్త’ రెండు టేకుల్లో వేర్వేరు క్షణాల్లో విడిపోతే టక్-టక్ అని రెండు చప్పుళ్లు వస్తాయి. రెండో టేకులో హల్లు కోసేసి అచ్చు మాత్రమే ఉంచితే ఆ రెండో చప్పుడు పోతుంది.

ఇక శబ్దం. ఎస్950 పన్నెండు బిట్ల యంత్రం. బ్యాండ్‌విడ్త్‌ని (ఎంత పై ధ్వనుల దాకా పట్టాలన్న హద్దుని) 3 నుంచి 19.2 కిలోహెర్ట్జ్ వరకు ఎంచుకోవచ్చు, శాంప్లింగ్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) దానికి రెండున్నర రెట్లు. మెమరీ తక్కువ కాబట్టి 33 స్పీడు రికార్డుని 45లో తిప్పి ఎక్కించేవారు. పది సెకన్ల ముక్క 7.4 సెకన్లలో పట్టేస్తుంది, తర్వాత 5.2 సెమీటోన్లు (అరస్వరాలు) కిందికి దించితే అసలు స్వరానికి వస్తుంది. 8 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో ఇలా చేస్తే దించాక 6 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ మిగలదు. ఆ మసకే ఆ కాలపు రంగు. గొంతులోని స, చ ధ్వనుల గాలికి పైన చోటంతా ఖాళీగా దొరుకుతుంది. చిక్కేమిటంటే, అతిథుల మైకుల తేడాలు కూడా అక్కడే బయటపడతాయి. హ్యాట్‌ని మాత్రం పూర్తి బ్యాండ్‌విడ్త్‌లో విడిగా ఎక్కించి, ప్రతి గొంతు పైభాగాన్నీ ఆ హ్యాట్‌తో పోల్చి సరిచేసుకోండి. ఆల్బమ్ అంతటా కొలబద్ద అదే కావాలి. కంప్యూటర్‌లో చేసేవాళ్లు శాంపిల్‌కి లో-పాస్ ఫిల్టర్ (పై ధ్వనుల్ని కోసేది) పెట్టి ఇదే పద్ధతి పాటించవచ్చు.

చరణాలు వేరే ఊళ్లలో రికార్డయి వస్తుంటే, అతిథికి ఎమ్‌పీ3 బీట్ పంపడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎన్‌కోడింగ్, డీకోడింగ్ కలిసి మొదట్లో చిన్న నిశ్శబ్దాన్ని చేరుస్తాయి. లేమ్ అనే ఎమ్‌పీ3 ఎన్‌కోడర్‌తో అయితే ఆ ఆలస్యం మామూలుగా 1105 శాంపిల్స్ (ఇక్కడ రికార్డు ముక్కలు కాదు, సెకనుకి 44,100 చొప్పున తీసే శబ్దపు కొలతలు), అంటే 25 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేయకపోతే, ఆ ఎమ్‌పీ3 మీద పాడిన గొంతుని మీ అసలు వేవ్ (కుదించని శబ్దపు ఫైలు) మీద పెట్టగానే అంత వెనకబడుతుంది. ర్యాపర్‌కి లయ లేదని నింద పడుతుంది, పాపం. రెండో తప్పు శాంపిల్ రేటు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన ఫైలుని మార్చకుండా 44.1 అనుకుని తెరిస్తే స్వరం దాదాపు ఒకటిన్నర సెమీటోన్ దిగుతుంది, 90 బీపీఎంలో 42.7 సెకన్లుండాల్సిన 16 బార్లు 46.4 సెకన్లకి సాగుతాయి. 24 బిట్ల వేవ్ పంపండి, మొదటి బార్‌కి ముందు నాలుగు క్లిక్కులు ఉంచండి. గొంతు, డబుల్స్ (మీద పరిచే రెండో టేకులు), అరుపులు విడివిడి ఫైళ్లుగా, రివర్బ్ (ప్రతిధ్వని) లేకుండా, అన్నీ బీట్ ఫైలు సున్నా సెకను నుంచే మొదలయ్యేలా అడగండి.

హక్కుల మాట రికార్డింగ్‌కి ముందే తేలాలి. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 జులైలో తేల్చినదాని ప్రకారం, శాంపిల్ ఎంత చిన్నదైనా చెవికి గుర్తుపట్టేలా ఉంటే ఆ రికార్డింగ్ యజమాని అనుమతి కావాలి. గుర్తుపట్టలేనంతగా మార్చితే అక్కర్లేదు. ఇటలీలోని రచయితల హక్కుల సంస్థ ఎస్‌ఐఏఈలో ప్రదర్శన హక్కుల వాటాలు 24 భాగాల్లో లెక్క కడతారు. సంగీతానికి 12, మాటలకి 12 అనుకుంటే, అయిదుగురు ర్యాపర్లున్న పాటలో ఒక్కొక్కరికి వచ్చేది 2.4. నాలుగు బార్లు పాడినవాడికీ, పదహారు పాడినవాడికీ అదేనా, పల్లవి రాసినవాడికి ఎక్కువా అన్నది పాట హిట్టయ్యాక అడిగితే గొడవే. చరణం ఫైలు వచ్చిన రోజే వాటా అంకె కూడా రాయించుకోండి.