ముందు డ్రమ్మర్ ఎవరో చూస్తాను

కొత్త జాజ్ ఆల్బమ్ ఏది వచ్చినా అట్ట మీద పేరు కన్నా ముందు డ్రమ్స్ ఎవరు వాయించారో చూస్తాను. సాక్సోఫోన్ పట్టుకున్నవాడు ఎంత గొప్పవాడైనా సరే, వెనక కూర్చున్న మనిషి గోడగడియారంలా టిక్కుటిక్కుమంటుంటే రెండో పాటకే నాకు ఆవలింతలు మొదలవుతాయి. అదే వెనక సరైన మనిషి ఉంటే, ఎప్పుడూ పేరు వినని కుర్రాడి మొదటి రికార్డు కూడా చివరిదాకా వింటాను.

చిక్కేమిటంటే నేను వాడే యాప్‌లో ఆ ఒక్క ముక్కే దొరకదు. బృందం లీడర్ పేరు, బొమ్మ, పాటల నిడివి. అంతే. మూడు చుక్కలు నొక్కి, లోపల ఇంకేదో నొక్కితే పాట కట్టినవాళ్ళ పేర్లు, ప్రొడ్యూసర్ పేరు వస్తాయి గానీ వాయించినవాళ్ళు కనబడరు. నలుగురు కూర్చుని అప్పటికప్పుడు అల్లుకునే సంగీతంలో ముగ్గుర్ని మాయం చేస్తే ఎలా? అందుకే ఆర్టిస్టులు తమ సంగీతం అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్లోనో, రికార్డు కంపెనీ పేజీలోనో పేర్లన్నీ చూసుకుని గానీ వినడం మొదలుపెట్టను. అక్కడ అమెరికన్ డ్రమ్మర్ టైషాన్ సోరీ పేరు కనబడితే ఇక రెండో ఆలోచన ఉండదు.

డ్రమ్స్ అంటే మోతే అనుకునేవాళ్ళకి ముందు ఈయన్ని వినిపించాలి. 2024లో సంగీతానికి పులిట్జర్ బహుమతి వచ్చింది ఈయనకే, సాక్సోఫోన్‌కీ ఆర్కెస్ట్రాకీ రాసిన నెమ్మదైన రచనకి. దాన్ని ట్రంపెట్ వాయించే వడాడా లియో స్మిత్‌కి అంకితమిచ్చాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఈసీఎం అనే రికార్డు కంపెనీ నుంచి ‘కంపాషన్’ ఆల్బమ్ వచ్చింది. పియానో విజయ్ అయ్యర్, బేస్ (మంద్రంగా మోగే తీగవాద్యం) లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ సోరీ. 2021లో ‘అనీజీ’ చేసింది కూడా ఈ ముగ్గురే.

‘కంపాషన్’లో స్టీవీ వండర్ ‘ఓవర్‌జాయ్డ్’ ఉంది. తెలిసిన బాణీ కాబట్టి పియానో తనంతట తానే చెవిలో పడుతూ ఉంటుంది. ఆ వీలు చూసుకుని నేను చెవిని డ్రమ్స్ మీదికి మళ్ళించేస్తాను. లయ ఎక్కడా జారదు, అలాగని సోరీ దాన్ని వేలెత్తి చూపిస్తూ కూర్చోడు. ఇక్కడ సింబల్ (డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్ళెం) పడుతుంది అని మనం లోపల లెక్క వేసుకున్న చోట పడదు. సరే, వదిలేశాడనుకునేసరికి ఇంకో వైపు నుంచి, ఇంకో బరువుతో వస్తుంది. సాక్సోఫోన్ వాయించే రాస్కో మిచెల్ రాసిన ‘నోనా’ వచ్చేసరికి ఈ మర్యాదలన్నీ గాలికి పోతాయి. అది చిన్న పాటే, కానీ ముగ్గురూ మీద పడి వాయిస్తారు. ఈ ముగ్గుర్నీ కొత్తగా వినేవాళ్ళెవరైనా అడిగితే నేను ముందు ఆ పాటే పంపిస్తాను. భయపడి పారిపోయినవాళ్ళూ ఉన్నారు.

2025లో లిండా ఓ తన పేరు మీద ‘స్ట్రేంజ్ హెవెన్స్’ తెచ్చింది. ఆమె మలేషియాలో పుట్టి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పెరిగింది. ఇందులో పియానో లేదు, గిటార్ లేదు. ఆంబ్రోస్ అకిన్‌ముసిరే ట్రంపెట్, ఆమె బేస్, మళ్ళీ సోరీ. 2009లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ ‘ఎంట్రీ’ కూడా ట్రంపెట్, బేస్, డ్రమ్స్ మీదే నడిచింది. అప్పుడూ ట్రంపెట్ అకిన్‌ముసిరేదే. మధ్యలో కార్డ్స్‌తో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో, నింపేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి బేస్ ఎంత పని చేస్తోందో దాచుకోవడానికి చోటే ఉండదు. రెంటిలో నా ఓటు ‘స్ట్రేంజ్ హెవెన్స్’కే.

సోరీ సొంత ట్రయో (ముగ్గురి బృందం) ఆల్బమ్ ‘ది ససెప్టిబుల్ నౌ’ (2024) గురించి ఒక్క మాట. నాలుగే రచనలు, గంటకు పైగా, మధ్యలో ఆగడమన్నదే లేదు. బాగుంది గానీ పని చేసుకుంటూ వినడానికి పనికిరాదు. మొదటి రచన ‘పెరెసీనా’, పాతతరం పియానిస్టు మెకాయ్ టైనర్‌ది.

టైనర్ అనగానే ఇంకో ‘కొత్త’ ఆల్బమ్ చెప్పాలి. 2024 నవంబరులో బ్లూ నోట్ కంపెనీ విడుదల చేసిన ‘ఫోర్సెస్ ఆఫ్ నేచర్’ నిజానికి 1966లో న్యూయార్క్‌లోని స్లగ్స్ అనే క్లబ్బులో వాయించింది. జో హెండర్సన్ సాక్సోఫోన్, టైనర్ పియానో, హెన్రీ గ్రైమ్స్ బేస్, డ్రమ్స్ జాక్ డిజోనెట్. ఈ టేపు ఇన్నేళ్ళూ డిజోనెట్ దగ్గరే ఉంది. పాత టేపులు దులిపి అమ్మడమంటే నాకు మామూలుగా అనుమానమే. ఆర్టిస్టు బతికుండగా వద్దనుకున్నవి కూడా ఇప్పుడు అందమైన అట్టల్లో వస్తున్నాయి. ఇది మాత్రం అలాంటిది కాదు. టైనర్ అప్పుడప్పుడే సాక్సోఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ బృందం నుంచి బయటికొచ్చాడు, డిజోనెట్‌కి పాతికేళ్ళు కూడా లేవు. ‘ఇన్ ఎన్ అవుట్’ ఒక్కటే పాతిక నిమిషాల పైన సాగుతుంది. అంతసేపూ హెండర్సన్‌ని ఊపిరి తీసుకోనివ్వకుండా తరిమింది ఈ కుర్రాడే. 2025 అక్టోబరులో 83 ఏళ్ళ వయసులో డిజోనెట్ పోయాడని తెలిసిన రోజు నేను మిగతావన్నీ పక్కనపెట్టి ఇదే పెట్టుకున్నాను.

అదే 1966లో డిజోనెట్ సాక్సోఫోన్ వాయించే చార్లెస్ లాయిడ్ బృందంలో కూడా ఉన్నాడు, పియానిస్టు కీత్ జారెట్‌తో కలిసి. ఆ లాయిడ్ ఇప్పటికీ వాయిస్తున్నాడు! 2024 మార్చి 15న, సరిగ్గా తన 86వ పుట్టినరోజున, ‘ది స్కై విల్ స్టిల్ బీ దేర్ టుమారో’ అని రెండు డిస్కుల ఆల్బమ్ ఇచ్చాడు. డ్రమ్స్ బ్రయన్ బ్లేడ్, పియానో జేసన్ మొరాన్, బేస్ లారీ గ్రెనడియర్. మళ్ళీ 2025లో ‘ఫిగర్ ఇన్ బ్లూ’. పేర్లు చూశాను. లాయిడ్, మొరాన్, గిటార్ మార్విన్ సూయెల్. డ్రమ్మరే లేడు! నా సూత్రం ప్రకారం వినకూడదు. విన్నాను. మొరాన్ ఎడమచెయ్యి, సూయెల్ గిటార్ కలిసి ఆ లోటు కనబడనివ్వలేదు. అయినా రెండు డిస్కులూ ఒకేసారి వినేంత ఓపిక నాకు లేదు, ఒక్కటైతే హాయిగా ఉంటుంది.

తర్వాత వరసలో సాక్సోఫోన్ వాయించే ఇమ్మాన్యుయెల్ విల్కిన్స్ ‘బ్లూస్ బ్లడ్’ ఉంది. 2024 అక్టోబరుదే గానీ నేనే వెనకబడ్డాను. ఇందులో గణవ్య, సెసిల్ మెక్లోరిన్ సాల్వంట్ లాంటి గాయకులు కూడా ఉన్నారట. డ్రమ్స్ క్వేకూ సంబ్రీ, మొదటి ఆల్బమ్ ‘ఒమేగా’ నుంచి విల్కిన్స్ వెనక ఉన్న మనిషే. ఇంతమంది గొంతుల మధ్య ఆయనకి ఎంత చోటు ఇచ్చారో చూడాలి.