దోమను తినే పురుగు

ఇవాళ బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా బాబాయి వరి మడిలో సుడిదోమ (కుట్టే దోమ కాదు, వరి మొదళ్లలో రసం పీల్చే పురుగు) చూద్దామని దిగాం. దుబ్బు వంచి తడితే నాలుగైదు దోమలు నీళ్లలో పడ్డాయి. వాటి మధ్య సన్నగా, పచ్చగా, తల దగ్గర నల్లగా ఇంకోటి చకచకా తిరుగుతోంది.

"ఇది కూడా దోమే కదా అబ్బాయా?" అన్నాడు బాబాయి.

కాదు, మిరిడ్ నల్లి. ఆకు తొడుగులో దోమ పెట్టిన గుడ్లను వెతికి, ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. ఎంత సంతోషమేసిందో! దుబ్బు మొదట్లో తోడేలు సాలీడు కూడా ఉంది, వీపు నిండా పిల్లలతో. అది గూడు అల్లదు, వెంటపడి దోమను పట్టి తింటుంది.

సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే ఇవన్నీ పోతాయి. తొడుగు లోపలి గుడ్లు మాత్రం బతికి పొదుగుతాయి. ఇక ఆ పిల్లదోమలకు అడ్డేముంది? కొట్టేకొద్దీ దోమ పెరిగేది అందుకే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, డబ్బు పెట్టి మరీ మన కాపలాను చంపుకుంటున్నాం.

బాబాయి స్ప్రేయర్ బయటికి తీయలేదు. నీళ్లు తీసేసి మడి ఆరబెడుతున్నాడు. దోమ ఎక్కువైతే అప్పుడు ఆలోచిద్దామన్నాడు. మన వైపు ఎవరైనా దోమ అని టెన్షన్ పడుతుంటే, మందు కొట్టేముందు దుబ్బుల మొదళ్లు ఒకసారి చూడండన్నా.