ఏనుగుల ఆశ్రయంలో సేవ: పార, గంప, గడ్డికట్ట

సవారీల నుంచీ, గొలుసుల నుంచీ తప్పించి తెచ్చిన ఏనుగుల ఆశ్రయంలో స్వచ్ఛంద సేవ చేయాలనుకుంటే ముందు ఒక్క సంగతి కనుక్కోండి. అక్కడికొచ్చేవాళ్ళు ఏనుగు ఎక్కుతారా? దానికి స్నానం చేయిస్తూ ఫొటోలు దిగుతారా? అవునంటే వెళ్ళకండి. మనుషుల్ని మోసి మోసి అరిగిపోయిన ప్రాణిని మళ్ళీ మనుషుల వినోదానికే నిలబెడుతున్నారు. మంచి ఆశ్రయంలో ఏనుగును తాకే పని మీకు దాదాపు ఉండదు.

బయల్దేరే ముందు క్షయ పరీక్ష చేయించుకోండి. మనకు క్షయ తెచ్చే బాక్టీరియానే ఏనుగులకూ సోకుతుంది, అటు నుంచి ఇటు కూడా. వాటికి చికిత్స నెలల తరబడి సాగుతుంది. దగ్గు ఉన్న రోజు పనికి వెళ్ళకపోవడమే మేలు.

ఎదిగిన ఆసియా ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది, 100 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. అందులో ముఖ్యం గడ్డే. పండ్లు మందు దాచిపెట్టడానికి, మచ్చిక చేయడానికి మాత్రమే. ఎక్కువైతే ఒళ్ళు పెరిగి ఆ బరువంతా కీళ్ళ మీద పడుతుంది. గడ్డికట్ట విప్పినప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, బూజు వాసన వచ్చినా ఆ కట్ట పక్కన పెట్టేయాలి. కట్టకు రెండు ప్లాస్టిక్ తాళ్ళుంటే రెండూ మీ చేతికి వచ్చాకే మేత వేయండి, తాడు మింగితే పేగులకు అడ్డుపడుతుంది. మేతంతా ఒకేచోట కుప్ప పోయకుండా చెట్ల మధ్య చల్లండి, వల సంచుల్లో ఎత్తున కట్టండి. అడవిలో రోజులో ఎక్కువ భాగం మేతకే తిరిగే జంతువు అది. పని లేకపోతే నిలుచున్నచోటే ఊగుతుంది.

ఇక లద్దె. ఎత్తిపోసే ముందు ఒక ఉండ విరిచి చూడండి. ఏనుగు తిన్నదాంట్లో సగానికి పైగా అరగదు కాబట్టి పీచు ఉండటం సహజమే. కానీ నమలని పొడుగు పోచలు కనిపిస్తుంటే దవడపళ్ళు అరిగాయని అర్థం. ఒకటి అరిగాక ఇంకొకటిగా జీవితం మొత్తానికి వచ్చేవి ఆరు వరుసలే. ముసలి ఏనుగుకు చివరి వరుస కూడా అరిగాక గడ్డి సన్నగా తరిగి, దాణా నానబెట్టి ఇవ్వాలి. లద్దె రాకుండా గంటలు గడిచినా, ఏనుగు మాటిమాటికీ పడుకుని లేస్తున్నా అది కడుపునొప్పి కావచ్చు. సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే మావటికి చెప్పండి.

లద్దె, మూత్రం వెంటనే తీయడం పాదాల కోసమే. ఏళ్ళ తరబడి సిమెంటు నేల మీద కట్టేసి ఉంచినందువల్ల ఈ ఏనుగుల గోళ్ళు పగులుతాయి, అరికాళ్ళలో చీము పడుతుంది. బందీగా బతికిన ఏనుగుల ప్రాణం తీసే పెద్ద కారణాల్లో పాదాల జబ్బులొకటి. మావటి కమ్మీల అవతల నుంచి కర్రతో గుర్తు చూపితే ఏనుగు తనంతట తానే కాలెత్తి దిమ్మె మీద పెడుతుంది, బదులుగా పండు అందుకుంటుంది. కొట్టడం, అంకుశం ఉండవు. ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఆకురాయితో గోరు సరిచేస్తారు. నీళ్ళు కాచి అందించడం మీ వంతు.

ఇసుక దిబ్బలు ఏటవాలుగా పోయడమూ మీ పనే. కీళ్ళు పట్టేసిన ఏనుగు లేవలేనన్న భయంతో పడుకోదు. దిబ్బకు ఒరిగితే లేవడం తేలిక. పొద్దున్నే ఒంటికి ఒకవైపు ఇసుక అంటుకుని ఉందో లేదో చూసి రాసిపెట్టండి. ఉంటే ఆ రాత్రి ఒరిగి నిద్రపోయిందన్నమాట.

మగ ఏనుగు కణతల నుంచి మదం కారుతుంటే ఆ ఆవరణ వైపే వెళ్ళకూడదు. మామూలు రోజుల్లోనూ తొండం అందని దూరంలో నిలబడండి. కొన్నిటికి ఒక కన్ను కనిపించదు, చప్పుడు లేకుండా ఆ వైపు నుంచి వస్తే బెదిరి తిరుగుతాయి. అందుకే దగ్గరికెళ్ళేవాళ్ళు ముందు పేరు పెట్టి పిలుస్తారు. కొత్తవాళ్ళయితే ఆ పిలుపు మావటినే పిలవనివ్వండి.