రేడియేషన్ భయం సరే, మిగతా లెక్క మాటేమిటి?

ఎలక్ట్రానిక్ పరికరాల వల్ల ఒంటికి కలిగే హాని గురించి ఎక్కడ మాట మొదలైనా అది చాలావరకు రేడియేషన్ దగ్గరే మొదలై రేడియేషన్ దగ్గరే ముగుస్తుంది. ఫోను జేబులో పెట్టుకోవచ్చా, వైఫై రౌటరు పడకగదిలో ఉండవచ్చా, మైక్రోవేవ్‌లో వేడి చేసినది తినవచ్చా అని నాకు తెలిసినవాళ్ళు తరచుగా అడుగుతూ ఉంటారు. పక్కన కూర్చున్నవారికి కూడా పాట వినిపించేంత మోతతో రోజూ గంటల తరబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట ఉండటం వల్ల మనం జాగ్రత్తను కూడా తప్పు చోటే ఖర్చు చేస్తున్నామని నా అభిప్రాయం. ఏ పరికరం నుంచి ఎటువంటి హాని, ఏ దారిన, ఎంత మోతాదులో వస్తుందో విడివిడిగా చూడకుండా అన్నిటినీ ఒక గాట కట్టేసి మంచివి కావనడం తేలికే గానీ, దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

రేడియేషన్ సంగతే ముందు చూద్దాం. ఎక్స్‌రేలు, గామా కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి కణంలోని డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీయగలవు. ఫోను, వైఫై, బ్లూటూత్ వాడే రేడియో తరంగాలకు ఆ శక్తి లేదు. వైఫై తరంగంలో ఒక్కొక్క ఫోటాన్‌కు, అంటే తరంగం మోసుకువెళ్ళే విడి శక్తి రేణువుకు, ఉండే శక్తి, పుస్తకం చదువుకునే దీపపు వెలుతురులోని ఫోటాన్ శక్తిలో లక్షో వంతు కన్నా తక్కువే. ఇటువంటి తరంగాలు పెద్ద మొత్తంలో తగిలితే ఒంటిని వేడెక్కించగలవన్నది నిజం. మైక్రోవేవ్ ఓవెన్ చేసే పని అదే. అయితే ఓవెన్ వందల వాట్ల శక్తిని ఒక లోహపు పెట్టెలో బంధించి పంపుతుంది, 4జీ ఫోను సాధారణంగా గరిష్ఠ స్థాయిలో పంపేది ఒక వాటులో ఐదో వంతు మాత్రమే. ఓవెన్ తలుపు అద్దంలో కనిపించే జల్లెడ వంటి రేకును ఒకసారి దగ్గరగా చూడండి. లోపలి తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, ఆ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. అందువల్ల వెలుతురు వాటిలోంచి బయటికి వస్తుంది గానీ మైక్రోవేవ్ దాదాపుగా లోపలే నిలిచిపోతుంది. తలుపు వంగినా, సరిగా మూసుకోకపోయినా ఆ ఓవెన్‌ను వాడకూడదు. ఓవెన్ రేడియేషన్ విషయంలో మన చేతిలో ఉన్న జాగ్రత్త అంతే.

2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది’ అనే 2బి వర్గంలో చేర్చినప్పటి నుంచి ఆ మాట చేతులు మారుతూ, ప్రతి చేతిలోనూ కాస్త ముదురుతూ వచ్చింది. ఆ వర్గీకరణ తెలియజేసేది ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయన్న సంగతిని మాత్రమే. ప్రమాదం ఎంత పెద్దదో అందులో ఉండదు. కలబంద ఆకు మొత్తాన్ని నూరి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జరిగి, 2024లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష 63 అధ్యయనాలను జల్లించి చూసి, ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని, పదేళ్ళకు పైబడి వాడినవారిలో కూడా కనబడలేదని తేల్చింది. ఫోన్ల వాడకం ఇన్ని రెట్లు పెరిగినా మెదడు క్యాన్సర్లు ఆ ప్రకారం పెరగకపోవడం దీనికి తోడు.

ఇంత చెప్పినా మనసు ఒప్పనివారు ఫోను చెవికి ఆనించకుండా స్పీకరులో మాట్లాడితే చాలు, దూరం పెరిగేకొద్దీ తీవ్రత చాలా వేగంగా పడిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తి వాడుతుంది కాబట్టి అటువంటి చోట సుదీర్ఘ సంభాషణలు తగ్గించుకోవచ్చు. రేడియేషన్‌ను అడ్డుకుంటాయని ఫోను వెనుక అంటించుకునే స్టిక్కర్ల విషయంలో నాకు కొంచెం వినోదంగానే ఉంటుంది. అది నిజంగా తరంగాలను అడ్డుకుంటే ఫోను మరింత శక్తితో పంపవలసి వస్తుంది. అడ్డుకోకపోతే అది ఉత్త కాగితం. పనిచేయని స్టిక్కరు డబ్బు దండగ, పనిచేసే స్టిక్కరు అంతకన్నా దండగ.

అయితే ఈ భయం ఊరికే పుట్టిందని కూడా అనలేను. 1967లో అమెరికాలో కొన్ని కలర్ టీవీల నుంచి పరిమితికి మించి ఎక్స్‌రేలు వెలువడుతున్నాయని బయటపడింది, మరుసటి ఏడాదే అక్కడ ఎలక్ట్రానిక్ వస్తువుల రేడియేషన్‌ను అదుపు చేసే చట్టం వచ్చింది. గాజు గొట్టంలో వేల వోల్టులతో ఎలక్ట్రాన్లను తరిమే ఆ టీవీలు పోయి పలుచని తెరలు వచ్చాక ఆ కారణమే లేకుండా పోయింది, టీవీకి దగ్గరగా కూర్చోవద్దని పిల్లలకు పెట్టే చీవాట్లు మాత్రం అలాగే మిగిలాయి. అదే విధంగా, ఒంట్లో పేస్‌మేకర్ వంటి గుండె పరికరం అమర్చుకున్నవారికి నేను పైన చెప్పిన ధీమా వర్తించదు. కొన్ని ఫోన్లలో, ఇయర్‌ఫోన్ల డబ్బాల్లో ఉండే అయస్కాంతాలు ఆ పరికరాల పనిని తాత్కాలికంగా మార్చివేయగలవు కనుక వాటిని కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని చెబుతారు. అంటే చొక్కా పై జేబులో పెట్టుకోకూడదు.

ఇక ఎవరూ అడగని ప్రశ్న దగ్గరికి వస్తాను. మన లోపలి చెవిలో, శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలు ఒక్కో చెవికి పదిహేను వేల దాకా ఉంటాయి. మనుషుల్లో అవి చస్తే మళ్ళీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ శబ్దాన్ని పెద్దవాళ్ళు వారానికి 40 గంటల వరకు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్ళకు శబ్దశక్తి రెట్టింపై, సురక్షితంగా వినగలిగే సమయం సగమవుతుంది. ఆ లెక్కన 90 డెసిబెళ్ళ వద్ద వారానికి నాలుగు గంటలే, 100 వద్ద ఇరవై నిమిషాలే. ప్రయాణంలో వాహనాల రొద మీద పాట వినబడాలని ధ్వనిని పెంచుకుంటూ పోయేవారు ఈ వారపు కోటాను ఒక్క రోజులోనే ఖర్చు చేసేస్తున్నారన్నమాట. 12 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసువారిలో వంద కోట్ల మందికి పైగా ఈ విధంగా వినికిడి కోల్పోయే ముప్పు ఉన్నదని ఆ సంస్థ 2022లో అంచనా వేసింది.

ఈ హాని మోసపూరితమైనది. ఇయర్‌ఫోన్లు తీసిన తరువాత చెవుల్లో సన్నని హోరు వినిపించడం, మాటలు దూది అడ్డం పెట్టినట్లు మందంగా వినబడటం మొదటి గుర్తులు. రాత్రి నిద్రపోయి లేచేసరికి అవి తగ్గిపోతాయి కనుక నయమైపోయిందని అనుకుంటాం. అలా పదే పదే జరిగితే, నష్టం తేరుకోలేని స్థాయికి చేరుతుంది. బయటి రొదను తగ్గించే ఇయర్‌ఫోన్లను నేను విలాస వస్తువుగా చూడను. బయటి మోత తగ్గితే లోపలి ధ్వనిని పెంచవలసిన అవసరం తగ్గుతుంది కాబట్టి అవి నిజంగా చెవికి మేలు చేసేవే. అయితే రోడ్డు మీద నడిచేటప్పుడు, వెనుక వచ్చే వాహనం వినబడవలసిన చోట, అదే సుగుణం ప్రమాదం తెచ్చిపెడుతుంది.

కళ్ళ విషయంలో భయాలూ వ్యాపారాలూ కలగలిసిపోయాయి. తెరను చూస్తున్నప్పుడు మనం రెప్పవేయడం బాగా తగ్గిపోతుంది, కంటి మీది నీటిపొర ఆరిపోతుంది. మంటకూ, బరువుకూ ముఖ్య కారణాల్లో అదొకటి. నీలి కాంతిని వడకట్టే కళ్ళద్దాలు ఈ అలసటను తగ్గిస్తాయని చెప్పడానికి తగిన ఆధారం లేదని వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష చెప్పింది. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరాన ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడమనే సలహాకు ఖర్చు లేదు. నిద్ర మాటకు వస్తే, 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పన్నెండు మంది చేత పడుకునే ముందు నాలుగు గంటలపాటు వెలుగునిచ్చే తెర మీద చదివించి, అచ్చు పుస్తకం చదివిన రాత్రులతో పోల్చి చూస్తే, నిద్ర పట్టడం సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది. నా మటుకు నాకు, అర్ధరాత్రి దాకా మేల్కొని ఉండటానికి ఆ పది నిమిషాల నీలి కాంతి కన్నా తెర మీద నడుస్తున్న వాదన పెద్ద కారణంగా కనిపిస్తుంది. తెరను పసుపు రంగులోకి మార్చుకొని అదే వాదనను కొనసాగించేవారిని నేను చూశాను.

అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేదీ, నాకు అన్నిటికన్నా భయం కలిగించేదీ బొత్తాం బ్యాటరీ. రిమోట్లలో, కారు తాళపు చెవుల్లో, బరువు తూచే యంత్రాల్లో, పాటలు పాడే ఆటబొమ్మల్లో ఉండే నాణెం వంటి బిళ్ళ అది. అందరికీ తెలిసిన 2032 రకం బిళ్ళ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే పరిమాణం. అక్కడి తడి తగలగానే దానిలోని మూడు వోల్టుల విద్యుత్తు ప్రవహించి, రుణధ్రువం వైపు గాఢమైన క్షారం తయారవుతుంది. బ్యాటరీ పగలకపోయినా, లోపలిది కారకపోయినా, రెండు గంటల్లోనే లోపలి కణజాలం తీవ్రంగా కాలిపోవచ్చు. పిల్లవాడు మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. ఏడాది నిండిన పిల్లలకు దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వడం కాలడాన్ని కొంత తగ్గిస్తుందని వైద్యులు సూచిస్తున్నారు, కానీ దానికోసం ప్రయాణాన్ని ఆలస్యం చేయకూడదు. ఇక రిమోటు పని చేయనంత మాత్రాన ఆ బిళ్ళలో శక్తి పూర్తిగా అయిపోయినట్లు కాదు. పాతదని తీసి బల్ల మీద పడేసిన బిళ్ళ కూడా కాల్చగలదు. బ్యాటరీ మూతకు మర ఉన్న బొమ్మలే ఇంట్లోకి రావాలన్నది నా పట్టుదల.

లిథియం అయాన్ బ్యాటరీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు, గుచ్చకూడదు, ఫోనును తలగడ కింద చార్జింగ్‌కు పెట్టి నిద్రపోకూడదు. వేడి బయటికి పోయే దారి ఉండాలి.

లాభం వైపున కూడా ఇంతే నిక్కచ్చిగా చూడాలి. 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసున్నవారిలో దాదాపు 128 కోట్ల మందికి రక్తపోటు ఉన్నదని, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. ఏ లక్షణమూ చూపకుండా గుండెనూ మూత్రపిండాలనూ తినేసే ఈ జబ్బును ఇంట్లోనే పట్టించే బీపీ మిషను, నా దృష్టిలో, ఆరోగ్యానికి పనికివచ్చే పరికరాల్లో మొదటిది. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చొని, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చేతిని గుండె ఎత్తున పెట్టి, మాట్లాడకుండా చూసుకుంటేనే దాని అంకెను నమ్మవచ్చు. మణికట్టుకు కట్టేదాని కన్నా పై చేతికి కట్టేది మేలు. చేతి గడియారాలు కూడా గుండె లయలో తేడాలను గుర్తిస్తున్నాయి. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నాలుగు లక్షల మందికి పైగా వాటిని ధరిస్తే, సుమారు రెండు వందల మందిలో ఒకరికి మాత్రమే హెచ్చరిక వచ్చింది. వారిలో తరువాత ఈసీజీ ప్యాచ్ (గుండె లయను నమోదు చేసే, ఒంటికి అంటించుకునే పట్టీ) పెట్టుకొని తిరిగి పంపినవారిని చూస్తే, దాదాపు మూడో వంతు మందిలో లయ తప్పడం నమోదైంది. ఆ లోపం వచ్చి పోతూ ఉండేది కాబట్టి మిగిలినవన్నీ తప్పుడు హెచ్చరికలని చెప్పలేం. అయినా ఏ ఇబ్బందీ లేని పాతికేళ్ళ మనిషి రోజుకు పదిసార్లు గుండె అంకెలు చూసుకొని కలవరపడటంలో ఆరోగ్యం కనిపించదు.

ఇంతవరకు చెప్పినదంతా లాభమూ హానీ ఒకే మనిషికి చెందుతాయన్న లెక్కతో చెప్పాను, కానీ పరికరం పారేసిన తరువాత ఆ లెక్క మారిపోతుంది. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థం పోగుపడితే, అందులో 22.3 శాతం మాత్రమే పద్ధతి ప్రకారం సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు నమోదైంది. మిగిలినదానిలో కొంత, రాగి కోసం తీగలను ఆరుబయట కాల్చే చోట్లకు చేరుతుంది. అక్కడి పొగలోనూ మట్టిలోనూ ఉండే సీసం, ఆ పరికరాన్ని ఎన్నడూ వాడి ఎరగని పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఈ హానిని తగ్గించడానికి వాడేవారు చేయగలిగినది చాలా సాదాసీదా పని: ఫోను నిదానించగానే మార్చేయకుండా బ్యాటరీ మార్పించి మరికొన్నేళ్ళు నడిపించడం, పనికిరాకుండా పోయినదాన్ని మామూలు చెత్తలో వేయకుండా ఈ వ్యర్థాలను సేకరించేవారికే అప్పగించడం. కొత్తది కొనేటప్పుడు కెమెరా గురించి అడిగే ముందు, బ్యాటరీని ఎవరు మారుస్తారు, విడిభాగాలు ఎన్నాళ్ళు దొరుకుతాయి అని నేను అడుగుతాను. దుకాణంలో ఈ ప్రశ్నకు ఇంకా తడుముకోకుండా సమాధానం చెప్పినవారు అరుదు.