ఆటలో ఫలూజా: తుపాకీ ఎవరి చేతికిచ్చారు?

నిజంగా జరిగిన ఘోరాన్ని వీడియో గేమ్‌గా మలచవచ్చా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ చర్చ రక్తపాతం మీదికి, పిల్లలు చెడిపోతారన్న భయం మీదికి మళ్ళుతుంది. ఆ వాదన మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. యుద్ధాల మీద, హత్యల మీద నవలలూ సినిమాలూ వస్తూనే ఉన్నాయి. ఆటకు మాత్రం ఆ హక్కు లేదనడానికి నాకు కారణం కనిపించదు. అయితే సినిమాలో మనం చూస్తాం, ఆటలో మనమే చేస్తాం. అందువల్ల ఇటువంటి ఆట గురించి నేను అడిగేవి రెండే: ఆడేవాణ్ణి ఎవరి స్థానంలో నిలబెట్టారు, ఏం చేస్తే మార్కులు వేస్తున్నారు.

మార్కుల సంగతికి ‘జేఎఫ్‌కే రీలోడెడ్’ను మించిన ఉదాహరణ దొరకదు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగి 41 ఏళ్ళు నిండుతున్న వేళ, 2004 నవంబరులో, స్కాట్లండ్‌కు చెందిన ఒక సంస్థ దాన్ని విడుదల చేసింది. డాలస్‌లోని పుస్తకాల గిడ్డంగి ఆరో అంతస్తు కిటికీ దగ్గర, హంతకుడని అధికారిక విచారణ తేల్చిన ఓస్వాల్డ్ స్థానంలో ఆటగాడు రైఫిల్ పట్టుకుని ఉంటాడు. కింద కార్లు వరసగా వస్తాయి. ఆ హత్యపై విచారణ జరిపిన ప్రభుత్వ సంఘం, వారెన్ కమిషన్, నివేదికలో చెప్పిన తీరుకు అతని కాల్పులు ఎంత దగ్గరగా ఉంటే అంత స్కోరు. ఓస్వాల్డ్ ఒక్కడే ఆ పని చేయగలిగాడని చూపించి కుట్ర కథలకు తెర దించడమే తమ ఉద్దేశమని తయారీదారులు చెప్పుకున్నారు. ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. తూటా దారిని లెక్కగట్టి చూడడానికి కంప్యూటర్ మంచి సాధనమే. కానీ అందరికన్నా కచ్చితంగా కాల్చినవారికి లక్ష డాలర్ల దాకా బహుమతి ప్రకటించాక అది పరిశోధన ఎలా అవుతుంది? హతుడి తమ్ముడు, సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ప్రతినిధి దాన్ని హేయమన్నాడంటే ఆశ్చర్యం లేదు.

‘సిక్స్ డేస్ ఇన్ ఫలూజా’ విషయం ఇంత తేలికగా తేలదు. బాగ్దాద్‌కు పడమట ఉన్న ఆ ఇరాకీ నగరంలో 2004 నవంబరులో అమెరికా సేనలు సాగించిన దాడి దానికి ఆధారం. 2009లో ప్రకటించిన కొద్ది వారాలకే విమర్శలకు జడిసి దాన్ని ప్రచురించవలసిన జపాన్ సంస్థ కొనామీ తప్పుకుంది. 2021లో వేరే సంస్థ చేతిలో అది మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఆ యుద్ధం మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వ్యాఖ్య తమ ఉద్దేశం కాదని ప్రచురణ సంస్థ అధిపతి పీటర్ టామ్టే మొదట అన్నాడు. విమర్శ రేగడంతో, ఆ సంఘటనలను రాజకీయాల నుంచి విడదీయలేమని సంస్థే ప్రకటించవలసి వచ్చింది. నగరంపై ఒంటిని కాల్చేసే తెల్ల భాస్వరం ప్రయోగించినట్టు అమెరికా సైన్యమే 2005లో ఒప్పుకున్నాక, రాజకీయం లేని ఫలూజా ఎక్కడ దొరుకుతుంది?

దీని నిర్మాణంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం ఇళ్ళు. ఆడిన ప్రతిసారీ గదులు, గోడలు, మెట్లు కొత్తగా అమరుతాయి. తలుపు అవతల ఏముందో ముందుగా తెలియదు. నలుగురు గోడకు ఆనుకుని నిలబడి, ఒకడు తలుపు తోయగానే లోపలి చీకట్లోకి తుపాకులు తిప్పుతారు. నిజంగా అక్కడ పోరాడిన మెరైన్లకు (అమెరికా సైనికులకు) ఏ ఇల్లూ ముందే తెలియదు గనుక వారి భయం మనకు అందాలంటే ఇదే మార్గమన్నది తయారీదారుల వాదన, అందులో నిజాయితీ ఉంది. కానీ ఆ ఇల్లు ఎవరికి తెలియదు? అందులో పుట్టి పెరిగినవాడికి ఏ మెట్టు కిర్రుమంటుందో కూడా తెలుసు. ఆడిన ప్రతిసారీ మారిపోయే ఇంట్లో ఎవరూ కాపురం ఉండలేరు. మెరైన్ కన్నుకు నమ్మకంగా ఉండడం కోసం చేసిన ఆ ఏర్పాటే ఇరాకీ కుటుంబానికి నిలవనీడ లేకుండా చేసింది, అది కూడా ఎవరూ దురుద్దేశంతో ఒక్క దృశ్యమైనా రాయకుండానే.

పోలండ్ సంస్థ 2014లో తెచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ నగరం పేరు కల్పించుకుంది. ప్రేరణ మాత్రం 1992 నుంచి 1996 దాకా సాగిన బోస్నియా రాజధాని సారయేవో ముట్టడి. అందులో మనం తిండికీ మందులకూ వెతుక్కునే మామూలు మనుషులం. ఒక ఇంట్లో వృద్ధ దంపతులుంటారు. వాళ్ళ మందులు ఎత్తుకుపోతుంటే ఆ పెద్దాయన వద్దని బతిమాలుతాడు తప్ప ఆపలేడు. తెచ్చుకున్నవి పనికొస్తాయి గాని మన మనుషులు కుంగిపోతారు. అక్కడ పశ్చాత్తాపాన్ని సంభాషణలో పెట్టి వదిలేయలేదు, ఆట లెక్కలోనే కలిపారు.

కుటుంబాన్ని నగరం దాటించబోయే నిరాయుధుడైన ఇరాకీ తండ్రిగా ఆడే భాగం కూడా ఉంటుందని ఫలూజా తయారీదారులు ప్రకటించారు. 2023 జూన్‌లో, ఆట ఇంకా పూర్తికాకముందే, ముందస్తు విడుదలై అమ్మకానికి వచ్చినప్పుడు మాత్రం అందులో ఉన్నది మెరైన్ల ఆటే. ఏది ముందు తయారు చేయాలో, దేన్ని తరువాతకు నెట్టవచ్చో నిర్ణయించుకున్నప్పుడే, తాము చేయబోమన్న రాజకీయ వ్యాఖ్య వాళ్ళు చేసేశారని నా అభిప్రాయం.