కోపం రాని నాన్న

ఈ కామిక్‌లో నాన్నకి కోపం రాదు. ఆకలెయ్యదు. కత్తి పట్టుకుంటే గురి తప్పదు, పద్యం ఎత్తుకుంటే యతి తప్పదు. కొడుకు అంతకన్నా ఘనుడు. పదకొండేళ్లకే జంతువుల భాషలన్నీ వచ్చు, పెద్దల మాట జవదాటడు. ఇద్దరూ సిరిమాను ఎక్కి ఆకాశంలోకి ఎగిరి, పెద్దచెరువు నీళ్లన్నీ తాగేసిన రాక్షసుణ్ణి చంపి, చీకటిపడేలోగా ఇంటికొచ్చేస్తారు.

దసరాకి విజయనగరం వచ్చినప్పుడు మావారూ మా అబ్బాయీ కలిసి చేసిన కామిక్ ఇది. మాటలు ఆయనవి, బొమ్మలు వాడివి. మెల్‌బోర్న్‌లో స్కూలు సెలవులు అయిపోతున్నా, సిరిమాను చూసే వెళ్దామని ఇంకో వారం ఆగిపోయాం. దసరా వెళ్లిన మంగళవారం, సిరిమాను అనే 50-60 అడుగుల చింతమాను కొసన పైడితల్లి అమ్మవారి పూజారి కూర్చుంటారు. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారే ఆయనకి కలలో చెబుతుందని నమ్మకం. ఊరేగింపులో మానుకి ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. మూడులాంతర్ల దగ్గరున్న గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు. ఫాంటసీ రాసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! అదంతా చూసి మావాడు అడిగిన మొదటి ప్రశ్న, "అంత పైన ఆయనకి భయమెయ్యదా?" అని. కామిక్‌లో ఆ ప్రశ్నకి చోటే లేకుండా పోయింది.

ఐప్యాడ్‌లో పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. నాన్న మొహం అన్ని గడుల్లోనూ ఒకటే. అదే చిరునవ్వు, నుదుటి మీద అదే జుట్టు పాయ. ఇదేంట్రా అంటే, "ఒకసారి గీసి కాపీ పేస్ట్ చేశానమ్మా. డాడీ ఎప్పుడూ సేమ్ ఫేసే కదా" అన్నాడు. తెల్ల ఏనుగుది చిన్న వేషం. ఒట్టి తిండిపోతు, అరటిపళ్ల ఆశలో పడి దారి మర్చిపోయే రకం. దాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగా గీశాడు. ఒకచోట తొండంతో కళ్లు తుడుచుకుంటోంది, ఇంకోచోట పండు దాచేసి ఏమీ ఎరగనట్టు పక్కకి చూస్తోంది. ఏ విమర్శకుడూ ఇంతకన్నా బాగా చెప్పలేడు.

మా అత్తగారైతే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివించుకుని, "ఏట్రా, మీ నాన్నకి ఒక్కపాలైనా కోపం రాదేటి? చిన్నప్పుడు అన్నం కంచం గోడకేసి విసిరీసేవోడు" అన్నారు. మావాడి మొహం వెలిగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా నాయనమ్మని వదలకుండా ఆ కంచం కథే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

అన్నీ వచ్చిన నాన్నకి కొడుకుతో పనేముంది? ఏ తప్పూ చెయ్యని కొడుక్కి నాన్న నేర్పేదేముంది? ఇద్దరూ ఒకే గడిలో పక్కపక్కనే నిలబడతారు, అంతే. ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకోవాల్సిన అవసరం రాదు. మన పాత కథలు అలా లేవు. వినాయక చవితికి చేతిలో అక్షింతలు పట్టుకుని ఏటా వినేది, కన్నకొడుకని గుర్తుపట్టక తల నరికేసిన తండ్రి కథే. బభ్రువాహనుడు వినయంగా కానుకలతో ఎదురొస్తే, యుద్ధం చెయ్యకుండా ఇదేం పనని అర్జునుడు తిట్టిపోస్తాడు. తర్వాత ఆ కొడుకు బాణానికే కూలిపోతాడు. ఉలూపి మణి తెస్తే గానీ లేవడు. దేవుళ్లకీ పాండవులకీ లేని సుగుణాలు సాఫ్ట్‌వేర్ నాన్నకెందుకో! అదీ, గిరీశాన్ని ఇప్పటికీ తలుచుకుని నవ్వుకునే ఊళ్లో.

ఎందుకలా రాశారో నాకు తెలుసు. మెల్‌బోర్న్‌లో వాడు రోజూ చూసే నాన్న వేరు. ఫోన్లో ఒక్కో అక్షరం విడదీసి ఇంటిపేరు చెప్పి, అయినా అవతలివాళ్లకి అర్థంకాక చివరికి కొడుక్కి ఫోనిచ్చే నాన్న. ఫుటీ (ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్) మ్యాచ్‌లో రూల్స్ తెలియక, పక్కవాళ్లు చప్పట్లు కొట్టినప్పుడు తనూ కొట్టే నాన్న. పిల్లల ముందు అలా చిన్నబోవడం ఎవరికైనా కష్టమే. పోయిన పరువంతా కామిక్‌లో సంపాదించుకుందామని ఉంటుంది. ఊరికీ అదే మేకప్ వేశారు. ఆ విజయనగరంలో ఒక్క దోమ లేదు, కరెంటు పోదు.

నన్నడిగితే ఆ ఫోనిచ్చే నాన్నే అసలైన హీరో సరుకు. రాక్షసుడి భాష ఒక్క ముక్క అర్థంకాక తలూపేస్తున్న నాన్న, పక్కన నిలబడి తర్జుమా చేస్తున్న కొడుకు. వాడు కావాలని ఒక మాట మార్చి చెబితే? అక్కణ్ణుంచి కథ పరిగెడుతుంది. పైగా ఇది మావాడికి బాగా తెలిసిన ఉద్యోగం. అలాగని నాన్నని జోకర్ చేసెయ్యమనడం లేదు. కార్టూన్లలో అలాంటి నాన్నలు బోలెడు, వాళ్లదీ కాపీ పేస్ట్ మొహమే.

ప్రస్తుతం బేరాలు నడుస్తున్నాయి. నాన్నకి ఎత్తులంటే భయం అన్నంతవరకు మావారు ఒప్పుకున్నారు. కోపం విషయంలో మాత్రం, "కావాలంటే ఒక్క పేజీలో" అంటున్నారు. కంచం ఉంటేనే గీస్తానని వీడు. కొడుకు పాత్ర ఒక అబద్ధం కూడా ఆడాలట. ఏమిట్రా ఆ అబద్ధం అని మేమిద్దరం ఎంత అడిగినా, అది సెకండ్ పార్ట్‌లో అని ఐప్యాడ్ బోర్లించేస్తున్నాడు.